ఖాళీ మేకు

మెట్ల మేస్త్రి దగ్గర పని నేర్చుకుందామని వచ్చినవాళ్ళకి మొదటిరోజు రంపం దొరకదు, ఉలి దొరకదు. ఒక స్టూలు దొరుకుతుంది. దాన్ని ఎడమచేతి గోడకి ఎదురుగా వేసి, "కూర్చుని చదువు" అంటాడాయన. ఆ గోడ నిండా మేకులు, ఒక్కో మేకుకీ ఒక్కో చెక్కముక్క. వంకరగా తెగినవీ, పగిలినవీ, పొట్టివైపోయినవీ, బెజ్జం పక్కకి పోయినవీ. ప్రతిదాని మీదా పెన్సిలుతో ఒక తారీఖు, ఒక వాక్యం. 'టేపు మొదటి అంగుళం విరిగిపోయిందని చూసుకోలేదు.' 'వానరోజు కొలిచాను, ఎండరోజు బిగించాను.' 'ఇంటాయన నోటితో చెప్పిన కొలత నమ్మాను.' 'కోపంగా ఉన్నప్పుడు కోశాను.' ఈ చివరిది ఆరు చోట్ల ఉంది.

అందరూ దాన్ని తప్పుల గోడ అంటారు. ఊళ్ళో మిగతా వ్యాపారస్తులు తమకొచ్చిన సర్టిఫికెట్లు పటం కట్టించి పెట్టుకుంటే, ఈయన తన తెలివితక్కువతనాన్ని గోడకెక్కించుకున్నాడు. అది చూసి బెదిరిపోయిన ఖాతాదారులూ ఉన్నారు. "ఇన్ని తప్పులు చేసినవాడి చేతికి మా ఇల్లెలా అప్పగిస్తామండీ?" అని ఒకావిడ మొహం మీదే అడిగింది. "ఒక్క తప్పూ చెయ్యనివాడి దగ్గరికే వెళ్ళండమ్మా. అతను మీ ఇంట్లోనే మొదలెడతాడు" అన్నాడు మేస్త్రి. ఆవిడ కాసేపు ఆలోచించి పని ఈయనకే ఇచ్చింది.

ఈ అలవాటు ఆయనకి పని నేర్పిన పెద్దమేస్త్రి పెట్టింది. చెడిన చెక్కని పొయ్యిలోకి విసరబోతే ఆ ముసలాయన చెయ్యి పట్టుకునేవాడు. "కాలిస్తే బూడిద మిగులుతుందిరా, బుద్ధి మిగలదు" అనేవాడు.

గోడకి పైన, ఎడమ మూల, అన్నిటికంటే ముందు కొట్టిన మేకు ఒకటుంది. తుప్పు పట్టింది. దానికి ఏమీ వేలాడదు. స్టూలు మీద కూర్చున్న ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు, "అదేంటి మేస్త్రీ, ఖాళీగా ఉంది?" అని. "అది రిజర్వు" అని చెప్పి మాట మార్చేస్తాడు.

ఆయనకి అరవై మూడేళ్ళు. నాలుగో తరగతిలో భిన్నాలు వచ్చాయి, ఈయన బడి మానేశాడు. రెంటికీ సంబంధం ఉంది. అయితే ఇంట్లో ఆరేళ్ళు పెద్దదైన అక్క ఉంది. ఆవిడ అప్పటికే టైలరు దుకాణాలకి చొక్కాల కాజాలు చేత్తో కుట్టిపెట్టేది. తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, గుడ్డ టేపుని మడిచి సగం, ఇంకో మడత వేసి పావు, మూడు మడతలు విప్పి ముప్పావు చూపించింది. "గుడ్డ మీద తెలిసింది కదరా? చెక్క మీదా అంతే. అంకెలకి చెక్కా గుడ్డా తేడా తెలీదు" అంది. మాస్టారు ఏడాదిపాటు బెత్తంతో ఎక్కించలేనిది అక్క ఒక్క మధ్యాహ్నంలో టేపుతో ఎక్కించింది. ఆ తరవాత మేస్త్రికి లెక్కలంటే భయం పోయింది, నేర్చుకోవడం అంటే ఆకలి పుట్టింది. ఇప్పటికీ తీరలేదు.

మెలికల మెట్లు ఎలా తిరుగుతాయో నారింజ తొక్క ఒలుస్తూ నేర్చుకున్నాడు. బియ్యం బస్తాలు మోసే మనిషిని ఆపి, టీ ఇప్పించి, ఏ మెట్టు దగ్గర మోకాలు ఏడుస్తుందో అడిగి తెలుసుకున్నాడు. స్ట్రెచరు మలుపు తిరగాలంటే ఎంత చోటు కావాలో ఒక నర్సు చెప్పింది. యాభై ఎనిమిదో ఏట కంప్యూటరులో బొమ్మ గియ్యడం మొదలెట్టాడు. మొదటిసారి గీసిన మెట్లు ఇంటి కప్పు చీల్చుకుని ఆకాశంలోకి పోయాయి. ఆ కాగితం కూడా గోడమీద ఉంది. నేర్చుకునే దగ్గర ఈయనకి సిగ్గనేది బొత్తిగా లేదు.

ఒక్క విషయంలో తప్ప. ఆ ఒక్కదాని దగ్గర ఈయన తేలు కుట్టిన దొంగ.

అది ఆయన కట్టిన మొట్టమొదటి మెట్ల సంగతి. అక్కా బావా ఇల్లు కొనుక్కున్నప్పుడు కట్టాడు. అప్పుడాయనకి ఇరవై రెండేళ్ళు. పెద్దమేస్త్రి జ్వరంతో పడుకుంటే, "నేను చేసేస్తాలే" అని ఒంటరిగా దూకాడు. పద్నాలుగు చెక్కమెట్లు, పదిహేనో అడుగు పైఅంతస్తు నేల మీదికి. ఒక్కో అడుగుకీ ఏడంగుళాల ఎత్తు. మెట్లని మోసే రెండు పక్కదూలాల మీద గీతలు గీశాడు, కోశాడు, నిలబెట్టాడు, పైన పలకలు పరిచాడు. బావ భుజం తట్టి పదిమందిని పిలిచి చూపించాడు. అంతా బాగానే ఉంది కానీ, ఆ పలకల మందం ఒక అంగుళం అనీ, ఆ అంగుళాన్ని దూలాల అడుగునుంచి ముందే కోసెయ్యాలనీ ఈయనకి తెలీదు. దాంతో నేలమీంచి ఎక్కే మొదటి అడుగు ఎనిమిదంగుళాలైంది, అన్నిటికంటే పైఅడుగు ఆరంగుళాలైంది. మెట్లు కట్టేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు ఇది. మెట్లు కట్టే ప్రతివాడూ ఒక్కసారైనా చేసే తప్పు కూడా ఇదే.

రెండేళ్ళ తరవాత వేరే ఇంట్లో పెద్దమేస్త్రి మాటల్లో ఆ సంగతి చెబుతుంటే ఈయనకి ఒళ్ళు చల్లబడింది. ఆ రాత్రి గోడమీద మొదటి మేకు కొట్టాడు. కానీ వేలాడదియ్యడానికి ముక్క లేదు, అది అక్క ఇంట్లో మెట్ల కింద ఉంది. మెట్లు విప్పాలంటే తప్పు ఒప్పుకోవాలి. బావ పదిమందికి చూపించాడు కదా! రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ముప్పై తొమ్మిదేళ్ళు గడిపేశాడు. ఈలోగా బావ పోయాడు. ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా మొదటి మెట్టు దగ్గర మేస్త్రి కాలు దానంతటదే ఒక అంగుళం ఎక్కువ లేచేది, ఈయన తల ఒక అంగుళం వంగేది.

ఇలా ఉండగా అక్క చూపు తగ్గడం మొదలైంది. కంటి నరం ఎండిపోతోందన్నాడు డాక్టరు. చుట్టూ ఉన్నదంతా మసకేసిపోయి, ఎదురుగా ఒక గుండ్రటి ముక్క మాత్రం కనిపిస్తోంది. ఎదుటివాళ్ళ మొహం చూస్తుంది, తన కాళ్ళు తనకి కనిపించవు. చుక్కలమందు వేస్తే ఉన్నది కొంతకాలం నిలుస్తుంది, పోయింది తిరిగి రాదు.

అక్క కూతురు బస్సు డిపోలో డ్యూటీలు వేసే ఉద్యోగి. ఏ బస్సు ఎన్ని గంటలకి ఎక్కడుండాలో రాసిపెట్టే మనిషి. ఇంట్లోవాళ్ళనీ అలాగే చూస్తుంది. "అమ్మా, ఇంక పైగది వద్దు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు నువ్వు మెట్లమీద పడిపోతే ఎవరు చూస్తారు? సాయంత్రందాకా అలాగే పడి ఉంటావు" అంది. ఆ పిల్ల గొంతులో ఉన్నది పెత్తనం కాదు, భయం.

అక్క ఒప్పుకోలేదు. పైగదిలో ఆవిడ కుర్చీ ఉంది, వీధివైపు పెద్ద కిటికీ ఉంది, కిటికీకి తాడుతో కట్టిన బుట్ట ఉంది. టైలర్లు కిందనుంచి "పెద్దమ్మా!" అని కేకేస్తే బుట్ట దింపుతుంది, చొక్కాలు పైకొస్తాయి, కాజాలు కుట్టి మళ్ళీ బుట్టలో దింపుతుంది. చూపు తగ్గినా కాజా తప్పలేదు, ఆ పని వేళ్ళది. బుట్టతోపాటు వీధి కబుర్లన్నీ పైకొస్తాయి. కిందగది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ.

"సరే, ఉండు. కానీ ఒక్కసారి పడినా, ఒక్కసారే, మంచం కిందికి దించేస్తాను. ఆ తరవాత నన్ననొద్దు" అని కూతురు తేల్చేసింది. అక్క తలూపింది.

ఈ మాట విన్నప్పటినుంచీ మేస్త్రికి తిండి సయించలేదు. కళ్ళున్నప్పుడు సరే, కళ్ళు లేకపోతే ఆ ఎనిమిదంగుళాలూ ఆ ఆరంగుళాలూ అక్కని పడగొట్టవూ? తను ఇరవై రెండేళ్ళప్పుడు చేసిన తప్పు అక్కని ఆ గదిలోంచి గెంటేస్తుందా? అక్కా కూతురూ కంటి ఆసుపత్రికి వెళ్ళే రోజు కనుక్కున్నాడు. తనతో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న పొడుగాయనని వెంటబెట్టుకుని, పరికరాలు పట్టుకుని, వాళ్ళటు వెళ్ళగానే ఇటు తలుపు తీశాడు.

"అక్కగారికి చెప్పావా?" అన్నాడు పొడుగాయన.

"చెప్పేదేముంది? ఆవిడ మంచికే కదా."

"నీ ఇష్టం" అన్నాడు పొడుగాయన. ఆయన ఎప్పుడూ అంతే, అడిగితే తప్ప రెండో మాట మాట్లాడడు.

పైన బిగింపులు విప్పి, దూలాలని ఎత్తిపట్టి, అడుగున సరిగ్గా ఒక అంగుళం కోసి, మళ్ళీ దింపి బిగించారు. నాలుగు గంటల పని. మేస్త్రి కింద మొదటి అడుగు కొలిచాడు, ఏడు. పైఅడుగు కొలిచాడు, ఏడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోసిన రెండు ముక్కల్నీ జేబులో వేసుకుని, పొట్టు ఊడ్చి, ఏమీ ఎరగనట్టు వంటింట్లో టీ పెట్టుకుని కూర్చున్నాడు.

అక్క వచ్చింది. దారిలో ఒక దుకాణంలో ఇచ్చిన చొక్కాల మూట ఎడమచేతిలో ఉంది. తమ్ముణ్ణి పలకరించి, నలభై ఏళ్ళుగా ఎక్కుతున్న ధీమాతో మెట్లెక్కడం మొదలెట్టింది. మొదటి మెట్టుమీద పాదం ధబ్బున పడింది. ఆగింది, విసుక్కుంది, ఎక్కింది. పై అడుగు దగ్గర ఆవిడ పాదం ఆరంగుళాలే లేచింది. నేల ఏడంగుళాల ఎత్తున ఉంది. బొటనవేలు అంచుకి కొట్టుకుంది. చొక్కాలన్నీ గాల్లోకి లేచాయి, అక్క పైఅంతస్తు నేలమీద బోర్లా పడింది.

మేస్త్రి చేతిలో గ్లాసు ఎక్కడ వదిలేశాడో తెలీదు. పైకి పరిగెత్తేసరికి అక్క లేచి కూర్చుని ఎడమ మణికట్టు పట్టుకుని ఉంది. "వెనక్కి పడలేదు, నయం" అంటోంది. కూతురు ఫోను తీసి బండి పిలిచింది. ఆ రాత్రి ఆసుపత్రినుంచి వచ్చేటప్పటికి అక్క చేతికి మోచేతిదాకా కట్టు ఉంది, ఆరు వారాలు. మంచం కిందగదిలో ఉంది.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి వెళ్ళాడు. అక్క మంచం పక్కన స్టూలు వేసుకుని, జేబులోంచి రెండు ముక్కలూ తీసి దుప్పటిమీద పెట్టాడు. నలభై ఏళ్ళ సంగతి మొత్తం కక్కేశాడు. చెప్పేసి తల ఎత్తలేకపోయాడు.

అక్క ముక్కల్ని వేళ్ళతో తడిమింది. "ఓరి పిచ్చినాయనా, నాకు మొదటిరోజే తెలుసురా" అంది.

"ఏమిటీ?"

"నాకూ తెలుసు, మీ బావకీ తెలుసు. ఇల్లు కొన్న వారంలోనే మీ బావ బొటనవేలు రెండుసార్లు చితికింది. నేను చెబుతానంటే వద్దన్నారు. 'కుర్రాడు, ఇప్పుడే చెయ్యి నిలదొక్కుకుంటోంది, చెబితే వణుకుతుంది. మన కాళ్ళే నేర్చుకుంటాయిలే' అన్నారు. నేర్చుకున్నాయి. నా కాళ్ళకి ఆ తప్పు ఎంత బాగా వచ్చిందంటే, నిద్రలో ఎక్కినా ఎనిమిదీ, ఏడేడూ, ఆరూ. కందకి లేని దురద కత్తిపీటకెందుకురా? నువ్వు సరిచేశావు కనకే పడ్డాను."

మేస్త్రి మూడు వందల ఇళ్ళకి మెట్లు కట్టాడు. బస్తాలు మోసేవాణ్ణి అడిగాడు, నర్సుని అడిగాడు. ఆ మెట్లు రోజుకి పదిసార్లు ఎక్కే సొంత అక్కని మాత్రం అడగలేదు. మెట్లు తను కట్టాడు కనక వాటి గురించి తనకే తెలుసనుకున్నాడు. అవి ఆవిడ పాదాల్లో ఉన్నాయని తట్టలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది, ఏడ్చేశాడు కూడా.

"ఒక పూట పని, అక్కా. ఈ రెండు ముక్కలూ మళ్ళీ కింద పెట్టి బిగించేస్తాను. ఎప్పటిలా అయిపోతుంది" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

అప్పుడే డ్యూటీకి బయల్దేరుతున్న మేనకోడలు గుమ్మంలో ఆగింది. "ఆ ముక్కలూ వద్దు, ఈ ముక్కలూ వద్దు మామయ్యా. అమ్మ కిందే ఉంటుంది. ఈ వయసులో కొత్తగా నేర్చుకోవడం ఏంటి? మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

మేస్త్రికి ఆ ఏడుపులోనూ పౌరుషం వచ్చింది. "అమ్మాయ్, ఆ సామెత పుట్టించినవాడు వడ్రంగి కాడు. మానుని ఆవిరి పెట్టెలో పెట్టి గంటసేపు ఉంచితే చెప్పిన మాట విని వంగుతుంది. నేను కట్టిన గుండ్రటి రెయిలింగులన్నీ అలా వంచినవే."

"అయితే ఇప్పుడు నన్ను ఏ పెట్టెలో పెట్టి ఉడకేస్తావురా?" అంది అక్క. కూతురికి నవ్వాగలేదు. నవ్వేక మనిషి కాస్త మెత్తబడింది. ఆ అదను చూసి అక్క అసలు మాట చెప్పింది.

"ముక్కలు పెట్టొద్దు తమ్ముడూ. అవి పెడితే నేను ఈ ఒక్క ఇంట్లోనే నడవగలను. బయట ఎక్కడికి వెళ్ళినా నా కాలు ఎనిమిదీ ఆరూ వెతుక్కుంటుంది. ఇన్నాళ్ళూ కళ్ళు సర్దేవి. ఇక ముందు కళ్ళుండవు. ఇంకా ఈ కాస్త చూపు ఉన్నప్పుడే సరైన మెట్లు నేర్చుకుంటే, లోకంలో ఉన్న మెట్లన్నీ వచ్చినట్టే కదా?" కూతురివైపు తిరిగింది. "కట్టు విప్పే రోజుదాకా గడువియ్యవే. ఆ రోజు నీ ఎదురుగా కళ్ళు మూసుకుని ఎక్కి దిగుతాను. తడబడ్డానా, మంచం ఇక్కడే."

కూతురు గడియారం చూసుకుంది. "ఆరు వారాలు. ఒక్కరోజు కూడా ఎక్కువ ఇవ్వను. ఒక్కదానివీ ఎక్కకూడదు, మామయ్య ఉన్నప్పుడే" అని చెప్పి వెళ్ళింది.

మేస్త్రి రోజూ పొద్దున్న ఒక గంట వచ్చేవాడు. అక్క కుడిచేత్తో రెయిలింగు పట్టుకుని ఎక్కేది, ఆయన ఒక మెట్టు వెనక చేతులు చాపి నడిచేవాడు. మొదటి వారమంతా పాత తప్పు వదల్లేదు. కింద పాదం ధబ్బుమనేది, పైన వేలు తగిలేది. వేలు తగిలిన ప్రతిసారీ మేస్త్రి తను దెబ్బ తిన్నట్టు "అబ్బా" అనేవాడు. "నా వేలికి నువ్వు అరుస్తావేంటి?" అని అక్క కసిరేది.

రెండో వారంలో లెక్కపెట్టడం మొదలెట్టింది. ఒకటి, రెండు, మూడు. బాగానే సాగింది. కానీ వీధిలోంచి ఎవరో "పెద్దమ్మా!" అనగానే లెక్క పోయేది. తొమ్మిదో మెట్టో పదో మెట్టో తెలీక మధ్యలో రాయిలా నిలబడిపోయేది. "లెక్క తలలో ఉంటుందిరా. తలని ఎవరు పిలిచినా వెళ్ళిపోతుంది. తలలో కాకుండా ఇంకెక్కడైనా ఉండాలి" అంది ఒకరోజు అలిసిపోయి, మెట్టుమీదే కూలబడి. ఆ పూట ఆవిడ మొహంలో మొదటిసారి దిగులు కనిపించింది. కిందగదికి అలవాటు పడాలేమో అన్నట్టు అటువైపు చూసింది.

మేస్త్రి భుజంమీది తువ్వాలు తీసి తన కళ్ళకి గట్టిగా కట్టుకున్నాడు. తను కట్టిన మెట్లు తనే ఎక్కడం మొదలెట్టాడు. పద్నాలుగో మెట్టుమీద నిలబడి పదిహేనో అడుగు కూడా వేసేశాననుకున్నాడు. నేల వచ్చేసిందనుకుని అడుగు ముందుకి పెట్టాడు, నేల అంచు మోకాలి కింద ఎముకకి ఠంగున తగిలింది. మూడు వందల ఇళ్ళ మేస్త్రి నాలుగు కాళ్ళమీద పడ్డాడు. కింద అక్క కట్టు కట్టిన చేత్తో మొహం కప్పుకుని విరగబడి నవ్వుతోంది.

కాలు రుద్దుకుంటూ అలాగే చీకట్లో కూర్చుని ఆయన ఆలోచించాడు. అన్నేళ్ళూ ఆయన మెట్లని కంటితో చూశాడు, టేపుతో చూశాడు. కళ్ళు లేనప్పుడు మనిషికి కావలసింది ఎత్తు ఒక్కటే కాదు. 'ఇది మొదలు', 'ఇది చివర' అని ఎవరో చెప్పాలి.

"అక్కా, నీకు కనపడకపోయినా కాజా తప్పదు కదా. ఎలా?" అని అడిగాడు. ఈసారి అడిగాడు.

"నువ్వు చొక్కా తొడుక్కునేటప్పుడు బొత్తాలు చూసి పెట్టుకుంటావా?"

ఆయన తువ్వాలు వెనక ఆలోచించాడు. "లేదు."

"ఎవరూ చూడరు. కాజా అంటే ఏంటనుకున్నావు, వేలు చూడకుండా వెతుక్కునే దారి. అంచు కాస్త ఉబ్బుగా కుడతాం, వేలు దానికి తగిలి ఆగుతుంది. ఈ రెయిలింగుకి ఏదీ, మొదలూ చివరా లేకుండా నున్నగా చిత్రిక పట్టి పెట్టావు. నా చెయ్యి ఎక్కడ ఆగాలి?"

తువ్వాలు ఊడదీసి ఆయన అక్కని చూశాడు. నలభై ఏళ్ళు గీతలేకుండా నునుపు చెయ్యడమే పనితనం అనుకున్నాడు! మర్నాడు సన్న ఉలి తెచ్చాడు. అక్క కిందా పైనా నిలబడి బొటనవేలు ఎక్కడ వాలుతుందో చూపిస్తే, అక్కడ రెయిలింగు లోపలివైపు కాజా అంత గాడి తవ్వాడు. కింద మొదటి అడుగు దగ్గర ఒకటి. పైన ఆఖరి మెట్టు దగ్గర రెండు, పక్కపక్కన. అంచులు మెత్తగా అరగదీశాడు. అక్క వేలుపెట్టి చూసి, "ఇది ఇంకా గరుకు. కుట్టు తేలింది" అని వంక పెట్టింది. మళ్ళీ అరగదీశాడు. మూడోసారికి పాసయ్యాడు. దిగేటప్పుడు కూడా అవే పనికొచ్చాయి, రెండు కాజాలు తగిలితే నేల అంచు, ఒకటి తగిలితే దిగిపోయినట్టు.

నాలుగో వారానికి అక్క లెక్క మానేసింది. ఐదో వారానికి మాట్లాడుతూ ఎక్కింది. వీధిలోంచి కేకేస్తే "ఉండు, వస్తున్నా!" అని జవాబిస్తూ ఎక్కింది.

కట్టు విప్పిన రోజు కూతురు సెలవు పెట్టింది. మెట్ల కింద నిలబడింది, గుప్పెళ్ళు బిగించి. అక్క కళ్ళు మూసుకుంది, ఎడమచేత్తో చొక్కాల మూట కావాలనే పట్టుకుంది. మేస్త్రి ఈసారి వెనక నడవలేదు. కింద కూతురి పక్కనే నిలబడ్డాడు. బొటనవేలు గాడిలో పడింది. అడుగు లేచింది, ఏడంగుళాలు, చప్పుడు లేకుండా వాలింది. రెండు, మూడు, నాలుగు. సగంలో ఉండగా కూతురు ఉన్నట్టుండి, "అమ్మా, పొయ్యి కట్టేశావా?" అని గట్టిగా అరిచింది. పరీక్ష పెట్టడంలో డిపో బుద్ధి పోనిచ్చుకోలేదు.

"పొయ్యి వెలిగించింది నువ్వు, నన్నడుగుతావేంటే!" అంటూ అక్క ఎక్కుతూనే ఉంది. వేలికి రెండు కాజాలు తగిలాయి. పాదం నిండా లేచి పైఅంతస్తు నేలమీద ఆనింది. వెనక్కి తిరిగి, మూట చెయ్యి మార్చుకుని, అంతే నిదానంగా దిగొచ్చింది. కూతురు తల్లి చేతిలో మూట లాక్కుని, ఆ మూటలోనే మొహం దాచుకుని ఏడ్చింది. సాయంత్రం మంచం తిరిగి పైకెక్కింది. మోసింది మేస్త్రీ పొడుగాయనా.

రెండు ముక్కల్లో ఒకటి అక్క ఉంచుకుంది, కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోడానికి. రెండోది ఆ మర్నాడే తప్పుల గోడమీద, తుప్పు పట్టిన మొదటి మేకుకి ఎక్కింది.

నెల తిరక్కుండా అక్క దుకాణం చూస్తానంది. కూతురు బస్సులో తీసుకొచ్చింది. బస్సు మెట్లు, పేవ్‌మెంటు గట్టు, దుకాణం ముందున్న మూడు రాతిమెట్లు, అన్నీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కొచ్చింది. గోడ దగ్గరికి వెళ్ళి ముక్కల్ని ఒక్కొక్కటే వేళ్ళతో చూసింది. పై మూలదాకా చెయ్యి అందకపోతే తమ్ముడు ఆ ముక్క తీసి చేతికిచ్చాడు.

"ఏం రాశావు?"

మేస్త్రి చదివాడు. "'పలక మందం తీసెయ్యలేదు. నలభై ఏళ్ళు చెప్పలేదు. చివరికి అడక్కుండా సరిచేశాను.'"

"ఒక్క ముక్కమీద మూడు తప్పులు సర్దేశావా, పిసినారీ! మేకులు అయిపోయాయా?" అంది అక్క. అందరికంటే గట్టిగా పొడుగాయన నవ్వాడు.

వెళ్ళేటప్పుడు రాతిమెట్లు దిగుతూ అక్క మధ్యలో ఆగింది. "ఒరేయ్, వచ్చేటప్పుడే చెబుదామనుకున్నాను. నీ రెండో మెట్టు పొట్టి."

"పోవే అక్కా! నలభై ఏళ్ళుగా ఎక్కుతున్నాను."

"కొలుచుకో."

ఆయన నవ్వుతూనే టేపు తీశాడు. కొలిచాడు. నవ్వు ఆగింది. మిగతావాటికంటే సరిగ్గా అరంగుళం తక్కువ. లోకానికి మెట్లు కట్టినవాడి గుమ్మం ఇది. ఆయనకి ముందు సిగ్గేసింది, ఆ వెనకే చిన్నప్పుడు గుడ్డ టేపు మడతలో ముప్పావు కనిపించినప్పటి సంతోషం వచ్చింది. చెవి వెనక పెన్సిలు తీసి రాయిమీద గీత గియ్యబోయాడు. "రేపే సరిచేయించేస్తాను. ఏమంటావక్కా?"

"నన్నెందుకు అడుగుతావు? నేను ఇవాళ వచ్చాను, మళ్ళీ ఎప్పుడొస్తానో" అంది అక్క దిగిపోతూ. "రోజూ ఎక్కేవాళ్ళని అడుగు."

మేస్త్రి పెన్సిలు ఆపాడు. గుమ్మంలో పొడుగాయన నిలబడి ఉన్నాడు, ఎప్పట్లాగే ఏమీ మాట్లాడకుండా. ఆయన రోజూ మధ్యాహ్నం అన్నం తిని వచ్చేటప్పుడు ఆ రెండో మెట్టు దగ్గరే కొంచెం తూలడం మేస్త్రికి ఇప్పుడు గుర్తొచ్చింది. వయసు మీదపడిందిలే అనుకునేవాడు.

టేపు చుట్టి జేబులో పెట్టుకుని, పక్కకి జరిగి, మెట్టుమీద చోటిచ్చాడు.

"ఇలా వచ్చి కూర్చో" అన్నాడు. "నువ్వు చెప్పు."